బాబాయి కట్టిన కిడ్నీ

మా బాబాయిని ఎవరూ పేరు పెట్టి పిలవరు. ఫిల్టరాయన అంటారు. ఇళ్ళలో మంచినీళ్ళ ఫిల్టర్లు బిగించడం, చెడిపోతే బాగుచేయడం ఆయన పని. ఇరవై రెండేళ్ళుగా అదే పని. భుజానికి ఒక తోలు సంచీ, అందులో స్పానర్లు, రబ్బరు వాషర్లు, తెల్ల టేపు చుట్టలు, పాత టూత్‌బ్రష్‌లు నాలుగు. ఎవరింటికి వెళ్ళినా ముందు కుళాయి తిప్పి అరచేతిలో కాసిని నీళ్ళు పట్టి వాసన చూస్తాడు. తర్వాత నాలిక చివర తగిలించుకుంటాడు. "ట్యాంకు కడిగి ఏడాదైందా అమ్మా?" అంటాడు. ఆ ఇల్లాలు చూపు తిప్పుకుందంటే ఏడాది కాదు, రెండేళ్ళయిందని అర్థం.

నేను ఆయన అన్నగారి కూతుర్ని. తొమ్మిదో తరగతి మధ్యలో చదువు ఆగిపోయాక బాబాయి వాళ్ళింటికి వచ్చేశాను. కొత్తవాళ్ళ ముందు నాకు మాట పెగలదు. మాట్లాడేవాళ్ళకి మా ఇంట్లో కొదవ లేదు కాబట్టి ఆ లోటు ఎవరికీ తెలియదు. మా పిన్ని ఒక్కతే చాలు. ఆవిడ బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో గుండీల బల్ల దగ్గర పనిచేస్తుంది. అన్ని రకాల గుండీలూ కలిసిపోయిన మూటలు వస్తే, రంగుల వారీగా, సైజుల వారీగా ఏరి డబ్బాల్లో వేయాలి. రెండు చేతులతో రెండు రకాలు ఒకేసారి ఏరుతుంది. నోటికి ఖాళీ ఉంటుంది కదా, అది దాని పని అది చేసుకుపోతుంది.

కిందటేడు బాబాయి ఒక నాలుగో అంతస్తు ఇంట్లో ఫిల్టరు బిగించి దిగుతూ మెట్ల మధ్యలో ఆగిపోయాడు. మోకాలు పట్టేసింది. ఎముకల డాక్టరు ఫోటో తీసి చూసి, "ఇక మెట్లు మర్చిపోండి" అన్నాడు. ఫిల్టరున్న ఇళ్ళన్నీ పై అంతస్తుల్లోనే ఉంటాయి. మెట్లెక్కకపోతే ఆ సంచీకి పనిలేదు. సంచీకి పని లేకపోతే బాబాయికి చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియదు. మూడు వారాలు ఇంట్లో కూర్చుని మా కుళాయిలన్నీ విప్పి బాగుచేశాడు, బాగున్నవాటితో సహా.

"ఇంకో వారం ఇలాగే ఉంటే నన్ను కూడా విప్పి వాషరు మారుస్తాడు" అని పిన్ని పక్కింటావిడతో అంటుంటే విన్నాను. నవ్వుతూనే అంది. కానీ ఆ మాటయ్యాక పిడతలో నీళ్ళు పోసి పొయ్యి వెలిగించడం మర్చిపోయి అలాగే నిలబడింది.

అప్పుడు డాక్టరమ్మ కబురు పంపింది. ఆవిడ ఇంట్లో ఫిల్టరు పదేళ్ళుగా బాబాయే చూసేవాడు. ఆవిడ నడిపే డయాలసిస్ సెంటరు మా వీధికి రెండు వీధుల అవతల, నేల మీదే ఉంటుంది. కిడ్నీలు పనిచేయనివాళ్ళు వారానికి రెండు మూడుసార్లు అక్కడికి వచ్చి నాలుగేసి గంటలు మెషీను పక్కన పడుకుంటారు. మెషీను వాళ్ళ రక్తాన్ని కొంచెం కొంచెంగా బయటికి తీసి, శుభ్రం చేసి, మళ్ళీ లోపలికి పంపుతుంది. ఒక మనిషికి ఒక్కసారికి నూట ఇరవై లీటర్ల నీళ్ళు కావాలట. మామూలు నీళ్ళు పనికిరావు. వెనక గదిలో పెద్ద వాటర్ ప్లాంటు ఉంది. దాన్ని చూసుకునే మనిషి మానేశాడు.

నేనూ బాబాయి వెంట వెళ్ళాను. ఆయన ప్లాంటు చుట్టూ రెండుసార్లు తిరిగాడు. ఒక పైపు మీద చెవి ఆనించాడు. "ఈ పంపుకి గొంతు బొంగురుపోయింది" అన్నాడు. డాక్టరమ్మ నవ్వింది.

"పని నీకు వచ్చు, నాకు తెలుసు" అంది. "కాకపోతే పదో తరగతి పాసైనవాళ్ళే కావాలని కాగితంలో రాసి ఉంది. దాన్ని నేను పక్కన పెట్టించగలను. కానీ ఒక్కటి. ఇక్కడి నీళ్ళు తాగడానికి కాదు. మనిషి రక్తానికి ఆనుకుని పారతాయి. నువ్వు దేనికోసం శుభ్రం చేస్తున్నావో నీకు తెలియాలి. నెల రోజులు ఆగుతాను. కిడ్నీ రక్తాన్ని ఎలా వడపోస్తుంది, మూత్రం ఎలా తయారవుతుంది, నాకూ ఇక్కడ పడుకున్నవాళ్ళకీ అర్థమయ్యేలా చెప్పు. చెప్పగలిగితే పని నీది. చెప్పలేకపోతే ఆ పదో తరగతివాణ్ణే వెతుక్కుంటాను."

బాబాయి పదో తరగతి మూడుసార్లు రాశాడు. మూడుసార్లూ సైన్సులోనే పోయింది. 

డాక్టరమ్మ ఒక పుస్తకం ఇచ్చింది. నర్సులకి చెప్పే పాఠాల పుస్తకం, అట్ట ఊడిపోయింది. బాబాయికి అక్షరాలు రావని కాదు. రెండు లైన్లు చదివేసరికి ఆయన చూపు అక్షరాల మీంచి జారిపోయి బల్ల కాలికి ఉన్న స్క్రూ మీద వాలుతుంది. ఆయనకి చేతుల్లో పని ఉంటేనే చెవులు పనిచేస్తాయి. అందుకని పాత ఫిల్టరొకటి ముందు పెట్టుకుని విప్పుతూ కూర్చునేవాడు. నేను పక్కన కూర్చుని చదివేదాన్ని. ఇంట్లోవాళ్ళ ముందు నా గొంతు బాగానే పలుకుతుంది.

"రెండు కిడ్నీలూ కలిసి రోజుకి సుమారు నూట ఎనభై లీటర్లు వడపోస్తాయి" అని చదివాను.

బాబాయి స్పానరు కింద పెట్టాడు. "ఎన్ని?"

"నూట ఎనభై."

"అచ్చు తప్పై ఉంటుంది. సరిగ్గా చూడు."

"అక్షరాల్లో కూడా రాశారు బాబాయ్."

"పిడికిలంత వస్తువని ఇందాకే కదా చదివావు. పిడికిలంత దాంతో నూట ఎనభై లీటర్లా? పంపు ఎక్కడుంది దీనికి?"

"గుండె తోస్తుందట. గుండె తోసే రక్తంలో అయిదో వంతు కిడ్నీలకే పోతుందట."

"మనిషి ఒంట్లో మొత్తం రక్తమెంత?"

"అయిదు లీటర్లు."

ఆయన వేళ్ళ మీద లెక్క కట్టాడు. "అంటే వచ్చిందే మళ్ళీ మళ్ళీ వస్తోందన్నమాట. రోజుకి ఎన్నిసార్లు వడపోసినట్టు!" అని, మొహమంతా వెలుగు చేసుకుని లేచాడు. "ఇక చదవకు. నాకర్థమైంది. ఫిల్టరే కదే ఇది. నేను కట్టి చూపిస్తాను."

ఇంకా పధ్నాలుగు పేజీలున్నాయని నేను చెప్పేలోపు పెరట్లోకి వెళ్ళిపోయాడు.

పది రోజులు పెరడంతా గొట్టాలే. బట్టలు ఆరేసుకునే తీగకి కూడా గొట్టాలు వేలాడాయి. పైన ఒక డబ్బా, కింద ఒక డబ్బా, మధ్యలో ఆయన దాచుకున్నవాటిలోకెల్లా మంచి క్యాండిల్. ఫిల్టరు లోపల తెల్లగా గుండ్రంగా కొవ్వొత్తిలా ఉంటుందే, అదే క్యాండిల్. రక్తం కోసం మెత్తగా నూరిన ఇటుక పొడి నీళ్ళలో కలిపాడు. రక్తంలోని చెత్త కోసం పొయ్యి మసి వేశాడు. ఆదివారం ఉదయం పిన్నిని, నన్ను స్టూళ్ళ మీద కూర్చోబెట్టి కుళాయి తిప్పాడు.

పైనుంచి ఎర్రగా, నల్లగా దిగింది. కింద తళతళలాడే తేట నీళ్ళు పడ్డాయి. బాబాయి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"చూశారుగా. మురికి రక్తం వచ్చింది, శుభ్రమై పోయింది."

నాకు ఏదో తేడాగా అనిపించింది. క్యాండిల్ వైపు చూశాను. నల్ల మసి ఎలాగూ ఉంది, ఇటుక పొడి కూడా అక్కడే అంటుకుని ఉంది. కింద డబ్బాలో ఎరుపు చుక్క లేదు. చెప్పాలంటే మొహమాటంగా ఉంది, ఆయన అంత మురిసిపోతున్నాడు. మెల్లిగా పిన్ని చెవిలో వేశాను. పిన్ని చెవిలో వేస్తే మైకులో వేసినట్టే.

"ఏవండీ," అంది పిన్ని. "ఒంట్లోకి తిరిగి వెళ్ళేది ఈ కింద పడిందేనా?"

"అదే. శుభ్రమైన రక్తం."

"ఇది రక్తమా? ఎరుపంతా మీ క్యాండిల్‌కే అంటుకుంది. మీ లెక్కన మనిషి నరాల్లో మంచినీళ్ళు పారతాయి."

బాబాయి డబ్బాలోకి వంగి చూశాడు.

"పోనీ అది వదిలేయండి. మూత్రమేది?"

"ఆ క్యాండిల్ మీద ఉన్న మురికే."

"అది అక్కడే ఉంటే బయటికెప్పుడు పోతుంది? మూడు నెలలకోసారి మీరు సంచీ వేసుకుని వచ్చి మనిషిని విప్పి బ్రష్‌తో తోముతారా?"

నాకు నవ్వాగలేదు. బాబాయి కూడా నవ్వబోయాడు కానీ మధ్యలోనే ఆగిపోయాడు. కుళాయి కట్టేసి, వెళ్ళి వాకిట్లో కూర్చున్నాడు. ఇక పద్దెనిమిది రోజులే ఉన్నాయి.

మధ్యాహ్నం నేను పుస్తకం పట్టుకుని పక్కన కూర్చున్నాను.  ఆయన చేతిలో ఒక వాషరు పెట్టాను, తిప్పుకోవడానికి. కాసేపటికి ఆయనే అన్నాడు.

"ఇరవై రెండేళ్ళుగా నాకు తెలిసింది ఒకటేనే. జల్లెడ దాటి వచ్చింది మంచిది, జల్లెడలో మిగిలింది చెత్త. ఇంకోలా ఉంటుందని ఎప్పుడూ అనుకోలేదు. చదువు, వింటాను."

మిగిలిన పధ్నాలుగు పేజీలూ చదివాను. ఒక్కో కిడ్నీలో పది లక్షల చిన్న చిన్న వడపోత గొట్టాలుంటాయి. ప్రతి దాని మొదట్లో వెంట్రుక కన్నా సన్నటి రక్తనాళాలు ఉండలా చుట్టుకుని ఒక గిన్నెలో కూర్చుంటాయి. ఆ ఉండే జల్లెడ. రక్తంలో పెద్దవి, అంటే రక్తకణాలూ ప్రొటీన్లూ, జల్లెడ దాటలేవు. అవి రక్తంలోనే ముందుకు వెళ్ళిపోతాయి. చిన్నవన్నీ దాటేస్తాయి. నీళ్ళు, ఉప్పు, చక్కెర, చెత్త, అన్నీ కలిసి గిన్నెలోకి జారి, అక్కణ్ణించి మెలికలు తిరిగిన గొట్టంలోకి పోతాయి.

"ఆగాగు. చక్కెర కూడా బయట పడిపోతుందా? మంచీ చెడూ కలిపేనా?"

"కలిపే. తర్వాత ఆ గొట్టం గోడలే కావలసినవన్నీ మళ్ళీ రక్తంలోకి లాక్కుంటాయట. చక్కెర మొత్తం లాక్కుంటాయి. ఉప్పు, నీళ్ళు ఒంటికి ఎంత అవసరమో చూసుకుని. చివరికి మిగిలేదే మూత్రం."

"నూట ఎనభై లీటర్లలో ఎంత మిగులుతుంది?"

"లీటరున్నర. మహా అయితే రెండు."

బాబాయి చేతిలోని వాషరు వేలికి తొడుక్కున్నాడు. "నేను బిగించే మెషీను ఒక గ్లాసు మంచినీళ్ళివ్వడానికి మూడు గ్లాసులు కాలవలో పోస్తుంది. అదే గొప్ప అని అమ్ముతాం. ఇది నూట ఎనభైకి రెండు పోస్తుందా? ఎవరు బిగించారే దీన్ని?" అన్నాడు.

కానీ ఒక సంగతి ఆయనకి మింగుడు పడలేదు. అన్నీ బయట పారేసి మళ్ళీ ఏరుకోవడమేమిటి? చెత్తను మాత్రమే ఏరి పారేస్తే పోదా? ఏ మెకానిక్కయినా అలా చేస్తాడా? రెండు రోజులు అదే గొణుగుడు. మూడో రోజు సాయంత్రం పిన్ని పని నుంచి వచ్చి చెప్పులు విడుస్తూ విసుక్కుంది.

"అందులో అర్థం కాకపోవడానికేముందండీ? మా దగ్గర మూట వస్తే బల్ల మీద మొత్తం కుమ్మరించేస్తాం. మూటలో చెయ్యి పెట్టి చెడ్డ గుండీ ఎక్కడుందా అని తడుముతూ కూర్చుంటే పొద్దు పోతుంది. పైగా చెడ్డవి ఎన్ని రకాలని? విరిగినవి, కన్నం లేనివి, మధ్యలో కంకరరాయి, పిన్నీసు, ఒకసారి ఎవరిదో పన్ను కూడా వచ్చింది. వచ్చే చెత్త ఏమిటో నాకు ముందే ఎలా తెలుస్తుంది? నాకు కావలసినవేవో తెలుసు. అవి తీసేసుకుంటాను. మిగిలింది రాయి కానివ్వండి, పన్ను కానివ్వండి, దాని పేరు నాకెందుకు? ఊడ్చి పారేస్తాను."

బాబాయి పిన్ని వైపు జరిగి కూర్చున్నాడు. నేను పుస్తకం మళ్ళీ తిరగేశాను. పుస్తకంలో పధ్నాలుగు పేజీల్లో ఎక్కడా రాయని కారణం అది. కావలసినవాటి లెక్క ఎప్పుడూ తెలిసే ఉంటుంది. కొత్త చెత్త ఏది వచ్చినా, దాన్ని ప్రత్యేకంగా గుర్తుపట్టే పని లేకుండానే పోతుంది.

"నువ్వే ఆ గొట్టానివి" అన్నాడు బాబాయి.

"నన్ను గొట్టమంటారేమిటి?"

"కాదే, నిజంగా. జల్లెడ నేను చేయగలను. సైజు చూసి ఆపడం వస్తువుకి చేతనవుతుంది. ఏది కావాలో చూసి తీసుకోవడం నా దగ్గరున్న ఏ సామానుకీ చేతకాదు. దానికి నువ్వు కావాలి."

పిన్ని కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళింది. తిరిగి వస్తూ, "రేపు సూపర్‌వైజర్ని అడిగి పనికిరాని గుండీలు ఒక సంచీడు తెస్తాను" అంది.

కొత్త కిడ్నీ ఇలా తయారైంది. ఒక పొడుగాటి వాలు బల్ల. దాని మీద పక్కపక్కనే రెండు కాలవలు, చీల్చిన ప్లాస్టిక్ గొట్టాలతో. ఒకటి రక్తం కాలవ, రెండోది మూత్రం కాలవ. పైన రెండింటి మధ్యా ఒక జల్లెడ. ఎర్ర కోటు గుండీలు రక్తకణాలు, అవి జల్లెడ కన్నాల్లో పట్టవు. తెల్ల చొక్కా గుండీలు చక్కెర, నీలం ఉప్పు, నల్లవి చెత్త. ఇవన్నీ నీళ్ళతోపాటు జల్లెడ దాటి రెండో కాలవలో పడతాయి. ఆ కాలవ పక్కన పిన్ని కూర్చుని తెల్లవన్నీ, నీలం వాటిలో కావలసినన్నీ ఏరి రక్తం కాలవలో వేస్తుంది. నీళ్ళను వెనక్కి తోడటానికి బాబాయి ఒక చిన్న పంపు పెట్టాడు. చివర్లో ఒక గాజు జాడీ. అందులో పడేది మూత్రం. జల్లెడ దాటకుండా రక్తంలోనే ఉండిపోయిన నల్ల గుండీలు కొన్ని కనబడితే వాటిని కూడా పిన్ని ఇటు లాగి పడేయాలి. అసలు కిడ్నీ గొట్టం అది కూడా చేస్తుందని పుస్తకంలో ఉంది.

రోజూ సాయంత్రం పెరట్లో రిహార్సలు.

"తెల్లది పోయింది చూడు."

"మీరు అలా మీద మీద వంగితే వెలుతురు పడట్లేదు. జరగండి."

"నీలం అన్నీ తీసేస్తున్నావు. ఉప్పు ఎక్కువైపోతుంది."

"నాకు తీసుకోవడమే అలవాటు. వదిలేయాలంటే ముందే చెప్పాలి."

"ఇదిగో చెబుతున్నాను, ఇవాళ ఈ కిడ్నీ గలాయన ఊరగాయ తిన్నాడనుకో. సగం వదిలెయ్."

ఇలా సాగేది. నా పని పడిపోయిన గుండీలు ఏరడం, పుస్తకం చూసి తప్పులు చెప్పడం. బాబాయి మోకాలి మీద చెయ్యి పెట్టుకుని ఆ కొస నుంచి ఈ కొసకి నడుస్తుంటే, కుళాయిలు విప్పుకుంటూ కూర్చున్న మనిషేనా ఈయన అనిపించేది.

ఆ రోజు రానే వచ్చింది. పొద్దున్నే పిన్ని సెలవు పెట్టి, ఇస్త్రీ చీర కట్టుకుంది. గొట్టానికి ఇస్త్రీ చీరెందుకని బాబాయి అడిగితే, "మీ కిడ్నీలో నేనే కదా కాస్త చూడదగ్గది" అంది. బల్లని తోపుడుబండి మీద వేసుకుని తీసుకెళ్ళాం.

సెంటర్లో ఎనిమిది మంచాలు, ఎనిమిది మెషీన్లు. మెషీన్లు గుర్రుగుర్రుమంటున్నాయి. పడుకున్నవాళ్ళందరూ మా వైపు తలలు తిప్పారు. కిటికీ పక్క మంచం మీద పెద్ద మీసాల లారీ డ్రైవరు ఒకాయన ఉన్నాడు. మూడేళ్ళుగా వస్తున్నాడట. "ఏమయ్యా ఫిల్టరాయనా, నావి రెండూ బ్లాకయ్యాయి. క్యాండిల్ మారుస్తావా?" అన్నాడు. గదంతా నవ్వింది. బాబాయి నవ్వలేదు.  డాక్టరమ్మ, హెడ్డు నర్సు కుర్చీలు లాక్కుని కూర్చున్నారు. నేను గోడకి ఆనుకున్నాను.

బాబాయి పంపు వేశాడు. జల్లెడ గురించి చెప్పాడు. దాటేవేవో, దాటనివేవో చూపించాడు. నూట ఎనభై లీటర్ల సంగతి చెప్పినప్పుడు పడుకున్నవాళ్ళలో ఒకావిడ "అమ్మో" అంది. పిన్ని చేతులు నీళ్ళ మీద చేపపిల్లల్లా తిరుగుతున్నాయి. జాడీలో నల్లవి, కాసిని నీలం మాత్రమే పడుతున్నాయి. హెడ్డు నర్సు కుర్చీలోంచి ముందుకు వంగింది.

"ఇప్పుడు మనిషి భోజనం చేశాడనుకుందాం" అన్నాడు బాబాయి. ఒక గ్లాసుడు తెల్ల గుండీలు పోయాలి. రిహార్సల్లో రోజూ అలాగే పోశాం. కానీ కంగారులో ఆయన చేతికి గ్లాసు బదులు డబ్బా వచ్చింది. డబ్బా మొత్తం కుమ్మరించేశాడు.

తెల్ల గుండీలు కట్ట తెగినట్టు జల్లెడ దాటి కాలవలోకి వచ్చి పడ్డాయి. పిన్ని వేళ్ళు కనబడనంత వేగంగా ఏరింది. అయినా జాడీలో టపటపా తెల్లవి పడుతూనే ఉన్నాయి.

"నాకున్నవి రెండు చేతులేనండీ" అంది పిన్ని తలెత్తకుండా.

బాబాయి పంపు ఆపడానికి చెయ్యి చాచాడు.

"ఆపకు" అంది డాక్టరమ్మ. లేచి వచ్చి జాడీ పక్కన నిలబడింది. "ఈయన మూత్రంలో చక్కెర పోతోంది. ఎందుకు?"

పుస్తకంలో ఆ ముక్క లేదు. లేదని నాకు ఖాయంగా తెలుసు, మొత్తం మూడుసార్లు చదివాను.  పని పోయింది, ఇక ఆ సంచీ గోడ మేకుకే అనుకున్నాను.

బాబాయి మెల్లిగా మోకాలు చూసుకుంటూ నేల మీద కూర్చున్నాడు. ఆ కూర్చోవడం నాకు తెలుసు. చెడిపోయిన ఫిల్టరు ముందు అలాగే కూర్చుంటాడు. చివర్నించి మొదటికి చూసుకుంటూ వెళ్తాడు. జాడీలోకి చూశాడు. ఎర్ర కోటు గుండీ ఒక్కటి కూడా లేదు. లేచి జల్లెడ మీద వేలు పెట్టి తడిమాడు. తర్వాత పిన్ని చేతుల వైపు చూశాడు.  ఆవిడ ఇంకా ఏరుతూనే ఉంది.

"జల్లెడ బాగానే ఉందండీ" అన్నాడు.  "చిరిగి ఉంటే ఎర్రవి పడేవి. గొట్టం తప్పు కూడా లేదు. చెయ్యి ఎంత వేగంగా ఏరగలదో అంతా ఏరుతోంది. అంతకు మించి ఎవరూ ఏరలేరు. పైనుంచి వచ్చేదే ఎక్కువైపోయింది. రక్తంలోనే చక్కెర మితి మీరిందండీ. దీనికి కిడ్నీ విప్పి లాభం లేదు. పైన చూసుకోవాలి."

 కిటికీ పక్కనుంచి లారీ డ్రైవరు అన్నాడు, "అదిగో. అది నా సంగతే. అప్పట్లో మూత్రంలో షుగరు పోతోందని చెప్పారు, ఏదో పోతోంది కదా, పోతే పోనీ అనుకున్నాను. ఎవరైనా ఇలా గుండీలు పోసి చూపించి ఉంటే కాస్త బుద్ధిగా తినేవాణ్ణి."

"ఇప్పుడైనా తినండి" అంది హెడ్డు నర్సు.

డాక్టరమ్మ ఇంకా జాడీ వైపే చూస్తోంది. "ఇందులో ఎర్ర గుండీ పడిందనుకో. అప్పుడేం చేస్తావు?"

"జల్లెడ పోయినట్టండీ. అప్పుడు నన్ను కాదు, మిమ్మల్ని పిలవాలి."

ఈసారి డాక్టరమ్మే అందరికన్నా గట్టిగా నవ్వింది. "అమ్మో" అన్న ఆవిడ పడుకునే చెయ్యెత్తింది, బడిపిల్లలా. "మరి ఈ మెషీను కూడా ఇలాగే ఏరుతుందా బాబూ?"

"లేదమ్మా. దీనికి జల్లెడ ఉంది, ఏరే చెయ్యి లేదు" అన్నాడు బాబాయి, నేను చదివి వినిపించిన మెషీను పాఠం గుర్తుచేసుకుంటూ. "అందుకే జల్లెడకి అవతలి వైపు పారే నీళ్ళలో మీకు అవసరమైనవి ముందే సరిసమానంగా కలిపి పెడతారు. రెండు వైపులా సమానంగా ఉంటే మీవి అటు పోవు. చెత్త మాత్రం అటువైపు లేదు కాబట్టి అది వెళ్ళిపోతుంది. అన్నిటికీ ఆ నీళ్ళే ఆధారం. ఆ నీళ్ళు తేడా వస్తే అంతా తేడానే." కాస్త ఆగి, డాక్టరమ్మ వైపు చూడకుండా అన్నాడు, "ఆ నీళ్ళు నేను చూసుకుంటాను."

"సోమవారం ఏడింటికి రా" అంది డాక్టరమ్మ. "ముందు ఆ పంపు గొంతు సంగతి చూడు. అది నాకూ వినబడటం మొదలైంది."

పిన్ని అప్పుడు ఏరడం ఆపింది. తడి చేతులు ఇస్త్రీ చీరకే తుడిచేసుకుంది. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయో, కాలవలో నీళ్ళు చిందాయో తెలియదు. లారీ డ్రైవరు సూది లేని చేత్తో మంచాన్ని తట్టి, "ఆ గొట్టానికి కూడా ఏదైనా ఉద్యోగం ఇవ్వండి డాక్టరమ్మా" అన్నాడు.

తోపుడుబండి తోసుకుంటూ ఇంటికి బయల్దేరాం. ఎండ బాగా ఎక్కింది. బాబాయి బండి ఒక పక్క పట్టుకుని, ఏ పాటో తెలియని పాట ముక్కుతో పాడుతున్నాడు. పిన్ని వేళ్ళు విరుచుకుంటోంది.

"డాక్టరమ్మ నెలకోసారి సెంటరుకి కొత్తగా వచ్చేవాళ్ళకి ఇది చూపించమంది" అన్నాడు బాబాయి.

"చూపించండి. కానీ నేను గొట్టంగా రాను. వేళ్ళు పడిపోయాయి. గుండెగా వస్తాను."

"గుండెకి ఒక్క క్షణం సెలవుండదే. దానికన్నా గొట్టమే నయం."

పిన్ని నాలుగడుగులు ఆలోచించింది. "అయితే మూత్రాశయంగా వస్తాను" అంది. "అదొక్కటే సుఖపడేది. నిండేదాకా కూర్చోవడం, నిండాక అందర్నీ లేపడం."

"అదైతే నీకు రిహార్సలు కూడా అక్కర్లేదు" అన్నాడు బాబాయి.

పిన్ని బండి మీంచి ఒక కోటు గుండీ తీసి ఆయన మీద విసిరింది. అది ఆయన భుజానికి తగిలి రోడ్డు మీద దొర్లింది. వెనక వస్తున్న నేను దాన్ని ఏరి జేబులో వేసుకుని, ఇద్దరికీ వినబడేలా నవ్వాను.